యాభై ఎనిమిది

ఇక్కడి పైకప్పులకు ఫ్యాన్లుండయ్.
గోడలకుంటయ్, ఇనుప జాలీ ఏసి,
మెడ తిప్పుకుంట ఒక్కో మంచాన్ని పలకరిస్తయ్.
ఎందుకట్ల అని కొత్తగొచ్చిన తల్లులు అడుగుతరు,
అడిగినంక నోటికి కొంగడ్డం పెట్టుకుంటరు.

తలుపులకు లోపలి దిక్కు గడియలుండయ్.
అద్దాలు పగలయ్, స్టీలు రేకులు.
మొఖం జర వంకర కనవడ్తది.
"పర్వాలేదు సార్, మాది గట్లనే" అన్నడు
జమ్మికుంట పిలగాడొకడు.
నవ్వాల్నా వద్దా తెల్వలే.

ఇరవై ఎనిమిదేండ్లు పరకాల డిపోల కండక్టర్ను.
రిటైరైనంక, కాజీపేట అవతల ఈ బడిల
రాత్రి వార్డెన్.
పని మారలే అనుకున్న,
మనుషులను లెక్కవెట్టుడే గదా.
పదకొండింటికి ఇరవై రెండు తలకాయలు,
రెండింటికి ఇరవై రెండు,
అయిదింటికి ఇరవై రెండు.
దుప్పటి మొత్తం కప్పుకున్నోని కాడ
ఊపిరి ఆడుతున్నదా అని నిలవడి సూడాలె.
టార్చి నేలకు కొట్టాలె, మొఖానికి కొట్టొద్దు.
ఫర్హానా మేడం నేర్పింది.

వంటకాడ సమ్మక్కది ఇంకో లెక్క.
కత్తులు ఆరు, కత్తిపీట ఒకటి,
తాళమేసి చెవి రైకల దోపుకుంటది.
"మా ఇంట్ల బంగారం గూడ గింత పైలంగ దాయలే" అంటది.
పచ్చిపులుసు చేసిన నాడు
అన్నం ముట్టని ఆసిఫాబాద్ పోరడు గూడ
గిన్నె ఎత్తి తాగుతడు.
అది ఏ మందుల చిట్టీల రాసుండది.

ఆదివారం పది నిమిషాల ఫోను.
ఒకడు అమ్మతోని కుక్కపిల్ల ముచ్చట్లే చెప్తడు.
ఒకని నాయిన "మార్కులెట్లున్నయ్" అంటడు,
ఇంకేం అడగాల్నో తెల్వక, పాపం.
ఒకడు ఫోను చెవికి పెట్టుకొని ఊకె ఉంటడు,
అవతల గూడ ఊకెనే ఉంటరు.
టైమైందని గంట కొట్టుడు నా పని.
ఆ పొద్దు నా గడియారం జర ఎనుక నడుస్తది.

మూడో మంచం అభినవ్.
భూపాలపల్లి. తండ్రి బొగ్గుబాయి దిగుతడు.
వచ్చి నలభై ఒక్క రోజు, ఒక్క మాట లేదు.
కుర్చీలు గుండ్రంగ ఏసుకొని అందరు చెప్పుకుంటుంటే
వాడు చెప్పు పట్టీ ఊడదీస్తడు, మళ్ల పెడ్తడు.
మేడం తొందర పెట్టది.
తొందర నాకే.
ఎన్నడో, ములుగు రోడ్డుల, చీకటివడ్డంక,
టికెట్టు లేదని ఓ పిలగాన్ని దింపిన.
వాడు గూడ ఏం మాట్లాడలే.
దిగి, బస్సు దిక్కు సూడకుంట నడిచిండు.
అది ఏ రిజిస్టర్ల ఎక్కలే.

నిన్న రాత్రి రెండు దాటింది.
కట్ట మీద గూడ్సు పోతున్నది.
కన్నంటుకోకుండ డబ్బాలు లెక్కవెట్టుకుంట కూసున్న.
మనసుల అనుకున్నదే, పైకొచ్చినట్టున్నది:
"యాభై ఏడు."

"యాభై ఎనిమిది."

చేతిల టార్చి జారింది.
మూడో మంచం. దుప్పటి కదల్లే.
ఏమనాలె? మేడంను లేపాల్నా?
నా నోటికి కండక్టర్ బుద్ధే వచ్చింది:
"ఎట్ల? నేను సక్కగనే లెక్కవెట్టిన."

"నడుమల దగ్గినవ్ సార్. అప్పుడొకటి పోయింది."

జర సేపాగి,
"అన్ని ఖాళీయే. నిండుగుంటే గింత మోగయ్.
మా బాపు చెప్పిండు."

ఇగ అటు మళ్లి పండుకున్నడు.
నేను వరండల స్టూలు మీద,
చేతులు ఏడ పెట్టుకోవాల్నో తెల్వకుంట.

రిజిస్టర్ల 'రాత్రి విశేషాలు' అని ఓ గడి ఉంటది.
ఏడాది సంది "ఏమీ లేవు" అని రాసుడే.
యాభై ఏడు అని రాసి,
కొట్టేసి,
పక్కన యాభై ఎనిమిది రాసిన.
కొట్టేసిన కాడ పొట్టి సంతకం పెట్టిన,
డిపో అలవాటు.

పొద్దుగాల ఫర్హానా మేడం
కండ్లద్దాలు తుడుసుకొని రెండుసార్లు సదివింది.
"మనకాడ ఉన్నది ఇరవై ఇద్దరే గదా, మొండయ్యా?"